మూటకు రెండో చెయ్యి

తామ్రగిరి రాజ్యానికి వచ్చిన కష్టం ఒక బీరకాయ దగ్గర మొదలైంది.

ఆ రాజ్యాన్ని మణికేతు మహారాజు ఏలుతున్నాడు. కోట ముందు, సంత జరిగే మైదానం నడుమ, ఆయన తాతగారు నిలబెట్టించిన శాసన స్తంభం ఉండేది. దొంగతనం చేయరాదు, తూకంలో మోసగించరాదు, సాటివాడిపై చెయ్యి చేసుకోరాదు అంటూ దానిమీద నూట ఎనిమిది శాసనాలు చెక్కి ఉండేవి. రోజూ పొద్దున్నే ఒక రాజభటుడు వాటిని గట్టిగా చదివేవాడు. చదవడం అయిపోయాక, "ఈ రాతిమాట లేకపోతే మీరంతా మృగాలు! గుర్తుంచుకోండి!" అని ఒక కేక పెట్టేవాడు. అరవై ఏళ్ళుగా ఆ కేక వింటూ వింటూ జనం అది నిజమేనని నమ్మేశారు.

ఒక సంతరోజు తెల్లవారేసరికి స్తంభం నున్నగా ఉంది. ఒక్క అక్షరం లేదు. భటుడు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, తల గోక్కుని, ఏమీ చదవకుండానే వెళ్ళిపోయాడు.

కాసేపటికి కూరగాయల వరుసలో ఇద్దరు మనుషులు ఒకే బీరకాయను చెరో కొసా పట్టుకున్నారు. "ముందు నేను పట్టుకున్నాను" అన్నాడొకడు. "ముందు చూసింది నేను" అన్నాడు రెండోవాడు. మామూలు రోజైతే నాలుగు మాటలనుకుని, కాయను మధ్యకు విరిచి పంచుకునేవాళ్ళే. ఆ రోజు మొదటివాడు నున్నటి స్తంభం వైపు ఒకసారి చూశాడు. "ఇప్పుడు నన్నెవరు ఆపుతారు?" అంటూ చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే పంజా అయిపోయింది. మరుక్షణం అక్కడ మనిషికి బదులు చిరుతపులి ఉంది. బీరకాయ కిందపడి ఎవరికీ కాకుండా పోయింది.

మధ్యాహ్నానికల్లా సంతలో తోడేళ్ళు, అడవిపందులు, ఎలుగుబంట్లు తిరగసాగాయి. ఎవరు ఆ మాట అనుకుంటే వాళ్ళకు పంజా వచ్చేది.

ఆ సమయానికి పైడి కొండమీద కట్టెలు కొడుతోంది. పైడికి పెళ్ళయి ఇరవై రెండు రోజులైంది. భర్త పేరు గంగులు. సంతలో జంతికలు వేసి అమ్ముతాడు. రోజూ ఒక జంతికను గాజంత గుండ్రంగా వేసి, అది పైడి చేతికి ఎక్కుతుందో లేదో చూస్తాడు. ఎక్కితే పైడి తింటుంది, ఎక్కకపోతే అతను తింటాడు. ఈ ఇరవై రెండు రోజుల్లో పద్నాలుగు పైడి తిన్నది, ఎనిమిది గంగులు తిన్నాడు. "నువ్వు కావాలనే చిన్నవి వేస్తున్నావు" అని పైడి అప్పుడప్పుడూ దెబ్బలాడేది.

తామ్రగిరి దారులన్నీ ఎత్తుపల్లాలు. బండి నడవదు. కట్టెలైనా గడ్డయినా ధాన్యమైనా మనుషుల తలల మీదే సాగాలి. పెద్ద మోపు తలమీదికి ఎక్కితే ఎంత దూరమైనా మోయవచ్చు గాని, నేలమీద నుంచి తలమీదికి ఎవరికి వారు ఎత్తుకోలేరు. అందుకని దారిన పోయేవాళ్ళను "ఓ చెయ్యి వెయ్యండి!" అని పిలవడం అక్కడి అలవాటు. పిలుపు విన్నవాళ్ళు వచ్చి ఎత్తిపెట్టి తమ దారిన తాము పోతారు. నువ్వెవరు, ఏ ఊరు అని అడగరు. పైడి అత్తగారికీ ఎదురింటి సూరమ్మకూ మూడేళ్ళుగా మాటల్లేవు. అయినా సూరమ్మ గడ్డిమోపు పక్కన నిలబడి "ఓ చెయ్యి!" అంటే అత్తగారు చరచరా వెళ్ళి ఎత్తిపెట్టి, అంతే చరచరా మూతి తిప్పుకుని వచ్చేసేది. అది చూసినప్పుడల్లా పైడి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకునేది. ఈ అలవాటు నూట ఎనిమిది శాసనాల్లో లేదు. ఉండాలని ఎవరికీ తోచలేదు కూడా.

పైడి మోపుతో సంతకు వచ్చేసరికి, జంతికల పొయ్యి వెనక ఒక ఎలుగుబంటి జల్లిగరిట పట్టుకుని కూర్చుని ఉంది.

"నేను కొట్టలేదే పైడీ" అంది ఎలుగుబంటి, గంగులు గొంతుతో. "వాడెవడో పిడికెడు జంతికలు లాక్కుని పరిగెత్తాడు. నన్నెవరు ఆపుతారులే అనుకుని గరిట ఎత్తాను. ఎత్తానంతే."

పైడి మోపు కింద పడేసి అతని పక్కన కూలబడింది. ఏమనాలో తెలియక, బుట్ట అడుగున మిగిలిన బెల్లం ముక్క తీసి పెట్టింది. ఎలుగుబంటి ఆమె అరచెయ్యి అంతా నాకేసింది.

"మావా, గరుగ్గా ఉంది నీ నాలుక" అంది పైడి. నవ్వబోయి ఏడ్చింది.

సాయంత్రానికి రాజుగారు మృగాలన్నిటినీ ఏనుగుల సాలలో పెట్టించి దండోరా వేయించాడు. అక్షరాలను ఎత్తుకుపోయినవాడు రెండు అడవుల అవతల, మూడో అడవిలోని గుహలో ఉన్న కరాళదంష్ట్రుడనే రాక్షసుడు. వాటిని తెచ్చినవారికి అర్ధరాజ్యం ఇస్తారు. పౌర్ణమి నాటి సూర్యాస్తమయంలోగా అవి రాకపోతే సాలలోని మృగాలన్నిటినీ బాణాలతో చంపించేస్తారు. పౌర్ణమికి పదమూడు రోజులుంది.

ఆ రాత్రే ముగ్గురు వీరులు గుర్రాలెక్కి బయల్దేరారు. తెల్లవారాక పైడి నడిచి బయల్దేరింది. నడుముకు గొడ్డలి, మోపు కింద తలమీద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురు, కొంగున మూటగట్టిన పదకొండు జంతికలు. అవి గంగులు మనిషిగా ఉండగా వేసిన చివరి వాయి.

* * *

మొదటి అడవిలో పైడికి రెండు రోజులు మనిషి కనబడలేదు. మూడో రోజు పొద్దున ఒక పర్ణశాల ఎదురైంది. తలుపు తీసే ఉంది. లోపల ఎవరూ లేరు. పొయ్యిమీద కుండలో గంజి ఉంది. చూరుకు వేలాడదీసిన ఉట్టిలో తేనె, ఓ మూల వెండి కమండలం, దాని పక్కన ముత్యాల హారం ఉన్నాయి.

పైడి రెండుసార్లు "ఎవరండీ?" అని పిలిచింది. జవాబు లేదు. ఆకలి ఆగక ఒక చిప్పెడు గంజి తాగింది. తేనె వైపు చూసి, కాసేపు ఆలోచించి, వేలి కొసకు అంటినంత నాకింది. ఇంకొక్కసారి నాకింది. తరువాత చిప్ప కడిగి బోర్లించి, వాగుకు వెళ్ళి ఖాళీ కడవ నింపి తెచ్చి పెట్టింది. అయిదారు ఎండుపుల్లలు ఏరుకొచ్చి పొయ్యి పక్కన వేసింది. కొంగు దులుపుకుని బయటికి అడుగు పెట్టింది.

"రెండుసార్లు నాకావు!" అందో గొంతు పైనుంచి.

పైడి ఉలిక్కిపడి చూసింది. దూలం మీద బూడిదరంగు చిలుక ఒకటి కూర్చుని ఉంది.

"నాకాను. ఎవరూ లేరనుకున్నాను" అంది పైడి సిగ్గుపడుతూ.

"ఎవరూ లేరనుకుంటే హారం తీసుకోవాలిగాని చిప్ప కడుగుతావేమిటి? నిన్న మొన్నల్లో ఇద్దరు వీరులు వచ్చారు. ఒకడు నీళ్ళకుండ పగలగొట్టాడు. రెండోవాడు నా తోక పీకాడు. ఇదిగో చూడు!" చిలుక వెనక్కి తిరిగి చూపించింది. "నువ్వు ఎవరికి భయపడి కడిగావు?"

"భయమెందుకు? తిన్న చిప్ప అలా వదిలేస్తే చేతులు ఊరుకోవు."

చిలుక తల అటొకసారి ఇటొకసారి వాల్చి ఆమె చేతుల్ని చూసింది. అది ఒక ముని పెంచిన చిలుక. దారినపోయేవాళ్ళ కోసం కుండలో గంజి తరగకుండా వరమిచ్చి, ముని తపస్సుకు వెళ్ళి ఏడాదైంది. కబుర్లు చెప్పేందుకు ఎవరూ దొరక్క దానికి గొంతు దురదగా ఉంది. పైడి అడగకుండానే రాక్షసుడి కథంతా చెప్పింది.

కరాళదంష్ట్రుడు పుట్టుకతో రాక్షసుడు కాడు. తామ్రగిరిలోనే పుట్టిన మనిషి. పేరు నరసన్న. తాతరాజు కాలంలో తలారిగా పనిచేశాడు. శాసనం తప్పినవాళ్ళను పట్టి, కట్టి, కొరడాతో కొట్టడం అతని పని. ఇరవై ఏళ్ళు అదే పని చేశాక, మనుషులంతా మృగాలేననీ, రాయికి భయపడి వేషం వేస్తున్నారనీ అతనికి గట్టిగా అనిపించింది. అది అనిపించిన రోజునే నెత్తిన కొమ్ములు మొలిచాయి. అడవి పట్టిపోయి, ఏళ్ళ తరబడి ఏవో క్షుద్ర మంత్రాలు సాధించి, తన మాట నిజమని చూపించడానికే ఇప్పుడు అక్షరాలు ఎత్తుకుపోయాడు.

"వెళితే వెళ్ళు గాని, నీ చేతులు జాగ్రత్త" అంది చిలుక. "ఆ రాక్షసుడి మంత్రం అడవిలో కూడా పనిచేస్తుంది."

"నా చేతులకేం, బాగానే ఉన్నాయి" అంది పైడి. దానికి ఒక జంతిక ఇచ్చి కదిలింది.

* * *

రెండో అడవిలో ఆ చేతులకు పరీక్ష వచ్చింది.

పైడి రోజుకొక జంతిక చొప్పున తింటోంది. తినే ముందు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే వాము వాసన, గంగులు వాసన కలిసి వచ్చేవి. అయిదో రోజు మధ్యాహ్నం ఆమె చెట్టుకింద మూట విప్పుతూండగా పొదల్లోంచి ఒక ఆకారం దూకింది. తల తోడేలుది, ఒళ్ళు మనిషిది. మూట లాక్కుని పరుగెత్తింది.

పైడి గొడ్డలి తీసి వెంటపడింది. ముళ్ళు గీరుకున్నా ఆగలేదు. తోడేలుమనిషి తీగలో కాలు తట్టుకుని ఒక గోతిలో పడ్డాడు. పడి కూడా నములుతూనే ఉన్నాడు. పైడికి కళ్ళు ఎర్రబడ్డాయి. అవి ఎవరి చేతి జంతికలు! మళ్ళీ వస్తాయో రావో తెలియని జంతికలు! గొడ్డలి పైకెత్తింది. చుట్టూ ఎవరూ లేరు.

"ఇక్కడ నన్నెవరు ఆపుతారు?" అంది.

ఎడమచెయ్యి సలపరించింది. చూస్తే మణికట్టు దాకా పసుపు పచ్చని బొచ్చు, నల్లని చారలు, అయిదు గోళ్ళు. పులిపంజా!

పైడి చేతిలోంచి గొడ్డలి జారిపోయింది. అక్కడే కూర్చుండిపోయి చాలాసేపు తన పంజాను చూసుకుంది. గంగులు గరిట ఎత్తాడని అతని మీద లోలోపల కాస్త కోపంగా ఉండేది ఆమెకు. అంతపాటి దానికే అంత కోపమా అనుకుంటూ ఇన్ని క్రోసులు నడిచింది. ఇప్పుడు ఆ కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"ఆకలేసిందమ్మా" అన్నాడు గోతిలోంచి తోడేలుమనిషి. "అడిగితే పెట్టవనుకున్నాను."

"అడిగి చూశావా?"

"లేదు. నేను రణధీరుణ్ణి. తామ్రగిరి వీరుల్లో మొదటివాణ్ణి. నాకు అడగడం అలవాటు లేదు." వీరుడి మీసానికి జంతిక ముక్కలు అంటుకుని ఉన్నాయి.

పైడి మూట అందుకుని చూసింది. మూడే మిగిలాయి. ఒకటి అతనికి ఇచ్చింది. ఇస్తూ, ఈ దెబ్బతో పంజా పోతుందేమోనని ఆశగా చెయ్యి చూసుకుంది. పోలేదు. పంజా పోవాలని పెట్టిన జంతికకు పంజా ఎందుకు పోతుంది?

రణధీరుడు తనే గోతిలోంచి పైకి పాకి వచ్చి, గుహ సంగతి చెప్పాడు. "వాడు కొట్టడు, తిట్టడు. మూట నీ ఎదుటే పెడతాడు. ఎత్తుకోగలిగితే ఎత్తుకుపొమ్మంటాడు. కానీ ఆ మూట ఒంటరి చేతికి లేవదు. తలమీదికి ఎక్కించాలంటే ఇద్దరు పట్టాలి. గుహలోకి మటుకు ఒక్కరే పోవాలి. రెండో మనిషి గడప దాటితే వాకిలి మూసుకుపోతుంది. నేను ఆ మూటను తన్నాను, నరికాను. కడుపుమండి రాక్షసుడి మీదికి కత్తి ఎత్తాను. ఇదిగో, ఈ మొహం వచ్చింది."

"మరైతే ఎలా?"

"అదే తెలిస్తే నేను జంతికలు దొంగిలిస్తూ ఎందుకు తిరుగుతాను తల్లీ?"

ఆ పంజాతోనే, ఉపాయమేమీ తోచకుండానే, పైడి మూడో అడవిలోకి నడిచింది.

* * *

మూడో అడవి పేరుకే అడవి. చెట్టు లేదు, గట్టు లేదు, అంతా నున్నటి నల్లబండ. మోపు ఆనించుకునేందుకు రాయైనా లేదు. బండ మధ్య గుహ. గుహలో తాటిచెట్టంత రాక్షసుడు. అతని ఎదుట ఒక గోనెమూట.

"వచ్చావా! రా, రా" అన్నాడు కరాళదంష్ట్రుడు. అతనికి కోపం లేకపోవడం చూసి పైడికి మరింత భయమేసింది. "చెయ్యి చూపించు. అదీ! పులి! బాగుంది. ఆడపిల్లవని కుందేలు అవుతావనుకున్నాను."

"అక్షరాల కోసం వచ్చానన్నా" అంది పైడి. తామ్రగిరిలో తెలియని మగవాణ్ణి అలాగే పిలుస్తారు.

"మూటలోనే ఉన్నాయి. ప్రతి అక్షరమూ రాతిముక్క అయింది. ఎత్తుకుపో. కాని ఒక్క మాట చెప్పు. ఆ రాళ్ళు లేకపోతే మీవాళ్ళు ఒక్క పూట మనుషులుగా ఉండలేకపోయారు కదా. ఇంకా ఎందుకీ తాపత్రయం? ఇరవై ఏళ్ళు నేను చూశాను. దొంగ, తాగుబోతు, తమ్ముణ్ణి పొడిచినవాడు. ఒక్క మంచివాడు నా కంటబడలేదు."

"మంచివాళ్ళను నీ దగ్గరికి ఎవరు పట్టుకొస్తారన్నా?"

రాక్షసుడు కొమ్ము గోక్కున్నాడు.

"మా ఆయన జంతికలు వేస్తాడు" అంది పైడి. "మాడినవి తీసి పక్కన పడేస్తాడు. ఎవరైనా ఆ మాడిన కుప్ప దగ్గరే ఇరవై ఏళ్ళు కూర్చుంటే, మా ఆయనకు చెయ్యి తిరగలేదనుకుంటారు."

"మరి నీ చెయ్యి?"

పైడి తల దించుకుంది. "అదీ నిజమే. గొడ్డలి ఎత్తాను. లోపల పులి లేదని నేననను."

"అయితే నా మాట ఒప్పుకున్నట్టే. ఇక మూట ఎత్తుకో" అని రాక్షసుడు గోడకు చేరగిలబడి, పళ్ళలో ఇరుక్కున్నదేదో పుల్లతో తీసుకోసాగాడు.

పైడి మూట కొస పట్టుకుని లాగింది. కదల్లేదు. వీపు ఆనించి తోసింది. చతికిలబడి మూట కింద తల దూర్చడానికి చూసింది. దాన్ని గొడ్డలికామతో ఎత్తబోతే కామ విరిగింది. మధ్యాహ్నం గడిచింది. గోళ్ళు గుచ్చుకుని గోనె చిరుగుతుందేమోనని పంజాను వీపు వెనక దాచుకుని ఒంటిచేత్తో ప్రయత్నించింది. మర్నాడు పొద్దున కూడా అంతే. ఇప్పుడు బయల్దేరితేనే పౌర్ణమికి తామ్రగిరి చేరుతుంది. పైడికి ఒళ్ళు తూలుతోంది. బుర్రలో ఆలోచనంటూ మిగల్లేదు. మిగిలింది చేతుల అలవాటు ఒక్కటే. ఆ చేతులు చుట్టకుదురును విప్పి, దులిపి, మళ్ళీ చుట్టి తలమీద పెట్టాయి. చుట్టకుదురు తలమీద కూర్చోగానే, ఊహ తెలిసినప్పటి నుంచీ ఏ మాట వస్తోందో ఆ మాటే నోట్లోంచి వచ్చేసింది.

"అన్నా, ఓ చెయ్యి వెయ్యి."

కరాళదంష్ట్రుడు పుల్ల పక్కన పడేసి లేచాడు. వచ్చి మూటకు అవతలి కొస పట్టుకున్నాడు. "ఊఁ, పట్టు. మెడ తిన్నగా ఉంచు. హెచ్చా!" అన్నాడు. మూట లేచి పైడి తలమీద కూర్చుంది.

ఇద్దరూ అలాగే నిలబడిపోయారు.

"నేనిప్పుడు ఏం చేశాను?" అన్నాడు రాక్షసుడు.

"ఎత్తిపెట్టావన్నా."

"ఎందుకు?"

"ఏమో. నేను పిలిచాను, నువ్వొచ్చావు."

రాక్షసుడు తన రెండు చేతులనూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. "నా చిన్నప్పుడు మా అమ్మ గడ్డిమోపులు మోసేది" అన్నాడు నెమ్మదిగా. "రేవు మలుపు దగ్గర నిలబడి పిలిచేది. ఎవరో ఒకరు వచ్చేవారు. ఎవరూ రాని రోజు లేదు. అరవై ఏళ్ళు... అదెలా మరిచిపోయానమ్మా నేను?"

ఆ మాట అంటూండగానే కొమ్ములు రెండూ ఊడి బండమీద టంగుమని పడ్డాయి. తాటిచెట్టంత ఒళ్ళు కుంగి కుంగి, తొంభై ఏళ్ళ ముసలివాడి ఒళ్ళయింది. కాళ్ళు తడబడి ముందుకు తూలాడు. తలమీద మూట ఉందన్న మాటే మరిచి పైడి చటుక్కున ఎడమచెయ్యి చాచి పట్టుకుంది. ముసలాయన భుజాన్ని పట్టుకున్నవి అయిదు వేళ్ళు. గోళ్ళు లేవు, చారలు లేవు. గంగులు వేయించిన పచ్చబొట్టు చుక్క కూడా మణికట్టున ఎక్కడిదక్కడే ఉంది.

"పద తాతా" అంది పైడి. "ఇంత దూరం ఒక్కదాన్నే దించుకుని ఎత్తుకోలేను. తోడు రా."

* * *

దారిలో పైడి అలిసిపోయినప్పుడల్లా నరసన్న మూట దింపి, మళ్ళీ ఎత్తిపెట్టాడు. గోతి దగ్గర ఎదురైన రణధీరుణ్ణి పైడి పిలిచింది. వీరుడు ఇటూ అటూ చూసి, తనను కాదేమో అనుకుని, తననేనని తెలుసుకుని వచ్చి చెయ్యి వేశాడు. తోడేలు మొహం పోయి, తను అనుకున్నంత అందంగా లేని మామూలు మొహం బయటపడింది. అక్కడి నుంచి సగం దారి మూట అతనే మోశాడు. పర్ణశాల దగ్గర చిలుకకు క్షమాపణ కూడా చెప్పాడు. తోక పీకింది అతనే మరి.

పౌర్ణమి సాయంత్రం కోట కనబడగానే మూట మళ్ళీ పైడి తలకెత్తుకుంది. సూర్యుడు కొండ అంచును తాకుతున్నాడు. ఏనుగుల సాల తలుపులు తెరిచి ఉన్నాయి. ఎదురుగా విలుకాళ్ళు వరుసగా నిలబడి అల్లెతాళ్ళు లాగి పట్టుకున్నారు. అరుగుమీద మణికేతు మహారాజు కుడిచేతిని పట్టు ఉత్తరీయంలో చుట్టుకుని నిలబడి ఉన్నాడు.

పైడి తిన్నగా వెళ్ళి బాణాలకూ మృగాలకూ నడుమ నిలబడింది.

"పక్కకు తప్పుకో పిల్లా! చస్తావు!" అని అరిచారు విలుకాళ్ళు.

ముందున్న ఎలుగుబంటి ఆమెను చూసి పళ్ళు బయటపెట్టింది. ఇన్నాళ్ళు మృగంగా ఉండి ఉండి గంగులు ఆమెను మరిచిపోయాడు. ఆ కళ్ళల్లో ఎక్కడా అతను లేడు. పేరుపెట్టి పిలిస్తే తెలియదు. బెల్లం ముక్క లేదు. జంతికలూ అయిపోయాయి.

"మావా" అంది. "మెడ నొప్పెడుతోంది. దించాలి. ఓ చెయ్యి వెయ్యి."

ఎలుగుబంటి గుర్రుమంది. ఒక అడుగు వేసింది. విలుకాడొకడు గురి చూశాడు. ఎలుగుబంటి రెండు కాళ్ళమీద లేచి, పంజాలు రెండూ పైకెత్తి, మూటను పట్టుకుని పదిలంగా కిందికి దించింది. దించిన చేతులకు బొచ్చు లేదు. నూనెచుక్కలు పడి కాలిన మచ్చలున్న జంతికలవాడి చేతులవి.

"ఏం పెట్టావే ఇందులో, ఇంత బరువుంది!" అన్నాడు గంగులు.

"శాసనాలు" అని చెప్పి పైడి అప్పుడు ఏడ్చింది.

విల్లులు కిందికి దిగాయి. "స్తంభం దాకా ఇంకా మొయ్యాలి, రండి!" అని గంగులు కేకేశాడు. చిరుతపులి ముందు వచ్చింది. వెనక తోడేళ్ళు, పందులు, ఎలుగుబంట్లు. తోసుకుంటూ, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ మూటకు చెయ్యి వేశారు. మనుషులై, ఒకరినొకరు చూసుకుని తలలు దించుకున్నారు. రెండు అడవిపందులు మటుకు మూల నుంచి కదల్లేదు. మర్నాడు సూరమ్మ వెళ్ళి వాటిని నాలుగు తిట్టి గడ్డిమోపు ఎత్తించేదాకా అవి అలాగే ఉన్నాయి.

స్తంభం దగ్గర మూట దించవలసి వచ్చింది. పైడి రాజుగారి వైపు చూసి, "మహారాజా, తమరూ ఓ చెయ్యి" అంది.

మణికేతు మహారాజు మెల్లగా ఉత్తరీయం విప్పాడు. లోపల సింహపు పంజా ఉంది. నూరుమందిని చంపమని ఆజ్ఞ ఇచ్చిన రోజున ఆయనకూ ఆ మాటే తోచింది, తననెవరు ఆపుతారని.

"బరువుగా ఉంది మహారాజా, తొందరగా" అంది పైడి. దాని గురించి ఇంకేమీ అనలేదు.

రాజు దిగి వచ్చి చెయ్యి వేశాడు. మూట విప్పగానే అక్షరాలు పిచుకల్లా లేచి స్తంభం మీద వాటి చోట్లలో అవి కూర్చున్నాయి.

మరునాడు సభలో రాజు పైడికి అర్ధరాజ్యం ఇవ్వబోయాడు. "అంత రాజ్యం మేమేం చేసుకుంటాం మహారాజా, ఉన్న రెండు గదులు ఊడవడానికే పొద్దు చాలడం లేదు" అంది పైడి. గంగులు వెనక నుంచి ఆమె కొంగు లాగాడు గాని లాభం లేకపోయింది.

"అయితే నూటతొమ్మిదో శాసనం చెక్కిస్తాను" అన్నాడు రాజు. "మోపు ఎత్తమని పిలిచినవారికి చెయ్యి వేయవలెనని."

"వద్దు మహారాజా, అది చెక్కించకండి. చెక్కితే రేపటి నుంచి మీ భయానికే చెయ్యి వేస్తున్నామనుకుంటాం. రాయి పోతే అదీ పోతుంది."

"మరి ఈ నూట ఎనిమిదీ అక్కర్లేదంటావా?"

"కావాలి. దారిలో ప్రతిసారీ మనిషి దొరకడు. అప్పుడు మోపు ఆనించుకోవడానికి రాయి ఉండాలి. కాని రాయి మోపు ఎత్తదు కదండీ. ఆ చివరి కేక మటుకు మాన్పించండి. పిల్లలు రోజూ వింటున్నారు."

రాజు కేక మాన్పించాడు. కొండదారుల్లో ప్రతి మలుపులోనూ మోపు దించుకునేందుకు తలెత్తున రాతి అరుగులు కట్టించాడు. రేవు మలుపు అరుగు దగ్గర నరసన్న ఒక చిన్న పాక వేసుకున్నాడు. ఎవరైనా పిలిచేలోపే లేచి నిలబడేవాడు. ముసలాయనను కష్టపెట్టడమెందుకని జనం మెల్లగా జారుకోబోతే, "ఏం, నా చెయ్యి చెయ్యి కాదా?" అని కేకలేసేవాడు.

గంగులు మళ్ళీ పొయ్యి వెలిగించిన రోజు మొదటి జంతికను గాజంత గుండ్రంగా వేశాడు. చల్లారాక పైడి ఎడమచెయ్యి పట్టుకుని నెమ్మదిగా ఎక్కించాడు. అది మణికట్టున పచ్చబొట్టు చుక్క దాకా వచ్చి సరిగ్గా ఆగింది.

"ఎక్కింది. నాదే" అంది పైడి.

తిప్పి తిప్పి చూసుకుని, సగం విరిచి అతని నోట్లో పెట్టింది.